రాని చుట్టాలకి వంటలు

నాకు వంటల కాగితాలు దాచే పిచ్చి. వారపత్రికల్లో కత్తిరించినవి, పిన్ని చెబుతుంటే శుభలేఖ వెనకాల రాసుకున్నవి, మాలతీ చందూర్ గారి ‘వంటలు-పిండివంటలు’లో గుర్తు పెట్టుకున్నవి. మధ్యాహ్నం అవి ముందేసుకుని మనసులోనే పదిమందికి విస్తళ్ళు వేసేస్తాను. పనసపొట్టు కూరలో ఆవ పెట్టి, బొబ్బట్ల మీద నెయ్యి వేసి, “ఇంకొక్కటి వేసుకో వదినా” అని బలవంతం కూడా చేస్తాను.

ఇప్పుడు ఇంటికి భోజనానికి వచ్చేదెవరు? ఫంక్షన్ హాల్లో ప్లేటు పట్టుకుని నిలబడే పలకరించుకుంటున్నాం.

అమ్మ ఏ పుస్తకమూ చూడలేదు. చెప్పకుండా నలుగురు దిగితే చారులో కాసిని నీళ్ళు పోసి, వడియాలు వేయించి, ఆవకాయతో గట్టెక్కించేది. ఆ భోజనం సంగతి వాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

అందుకే ఈ ఆదివారం మా పెద్దాడపడుచుని రమ్మన్నాను. కాగితాలేవీ తియ్యను. పప్పు, వంకాయ కూర, చారు. కూర్చుని తింటాం, అంతే.