చిడతలు మెత్తబడ్డాయేంటండీ?

ఏమండీ, నిన్న రాత్రి మీ ఇంట్లోంచి హరికథ వినిపించింది. ప్రాణం లేచొచ్చిందనుకోండి! దాసుగారి గొంతు భేషుగ్గా ఉంది. కానీ ఆ చిడతలేంటండీ, నానిన అటుకుల్లా అలా మెత్తబడిపోయాయి? టక్కుమనాల్సిన చోట తుస్సుమంటున్నాయి. మీ ఫోన్ నేను చూడలేదు గానీ పందెం కాస్తాను. అది 64 కేబీపీఎస్ ఎంపీత్రీ. అవునా, కాదా?

కోప్పడకండి మరి. రండి, గోడ దగ్గరికి రండి, చెబుతాను.

పెళ్ళిలో గట్టిమేళం మోగుతుంటే, పక్కనావిడ తన వడ్డాణం ఎన్ని కాసులో చెప్పినా మీకు వినబడుతుందా? పెదాలు కదలడం కనిపిస్తుంది, అంతే. ఎంపీత్రీ కిటుకంతా ఇదే. జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థవాళ్ళూ వాళ్ళతో పనిచేసినవాళ్ళూ ఏమన్నారంటే, పెద్ద చప్పుడు చాటున ఎలాగూ వినబడని చిన్న చప్పుడుకి చోటెందుకు, తీసేద్దాం! దాంతో సీడీ మీద సెకనుకు 1411 కిలోబిట్లు (కేబీపీఎస్ అంటే ఇదే) తినే పాట 128కి దిగొచ్చింది. నాలుగు నిమిషాల పాటకు 42 ఎంబీ పట్టేది, నాలుగు కూడా పట్టడం మానేసింది. ఒక్క సీడీలో నూట యాభై ఘంటసాల పాటలు కొనుక్కుని మురిసిపోయిన రోజులు గుర్తున్నాయా? అదీ దాని చలవే.

ఈ ఎంపీత్రీకి పుట్టకముందే చుక్కలు చూపించిందెవరో తెలుసా? డప్పులూ గిటార్లూ కాదండీ. ఒంటరి గొంతు! సూజాన్ వేగా అనే అమెరికా గాయని ఏ వాయిద్యమూ లేకుండా పాడిన 'టామ్స్ డైనర్'. ఎంపీత్రీని తయారుచేసినవాళ్ళలో ఒకరైన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ ఆ పాటను పరీక్షకు పెడితే గొంతు ఛిద్రమై బయటికొచ్చింది. దాక్కోవడానికి గట్టిమేళం లేదు కదా మరి! అది కుదుటపడేదాకా ఆయన ఆ పాటను మళ్ళీ మళ్ళీ విన్నాడు. తంబుర శ్రుతి తప్ప తోడు లేని పద్యం విన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

రెండో గండం చిడతలు. యూరప్‌లో కాస్టనెట్స్ అని ఉంటాయి, మన చిడతలకు వేలువిడిచిన చుట్టాలు. కొత్త ఫార్మాట్లను పరీక్షించేటప్పుడు వాటినీ వాడుతుంటారు! ఎందుకంటారా? ఎంపీత్రీ పాటను మిల్లీసెకన్ల ముక్కలుగా తరుగుతుంది. ముక్క మధ్యలో ఠకీమని దెబ్బ పడితే, దాని రొద ముక్కంతా పరుచుకుంటుంది. దెబ్బకు ముందే తుస్సు! కేబీపీఎస్ పెంచితే తగ్గుతుంది. 64లో మాత్రం పాపం, చిడతలకు దిక్కులేదు.

ఇక ఫ్లాక్ అని ఇంకో ఫార్మాట్. 2001లో వచ్చింది. నాకు దీనిమీద ప్రేమండీ, దాచుకోను. ఇది ఏదీ పారేయదు. పట్టుచీర మడతపెట్టి పెట్టెలో పెట్టినట్టు, విప్పితే ఒక్క పోగు కూడా పోదు. సీడీ పాట ఇంచుమించు సగం చోటులో సర్దుకుంటుంది. ఇంకో తమాషా చెప్పనా? మన పాత సినిమా పాటలు మోనో కదా. కుడి చెవికి ఏదో ఎడమ చెవికీ అదే. రెండూ అచ్చంగా ఒకటే అయితే ఫ్లాక్ ఒకసారి రాసుకుని, రెండో వైపుకి "తేడా ఏమీ లేదు" అని ఊరుకుంటుంది. ఫైలు ఇంకా చిక్కిపోతుంది, ధ్వని ఇసుమంతైనా తగ్గదు. ఎంత ముద్దొస్తుందో!

అయితే ఒక్కటి. ఉన్న ఎంపీత్రీని ఫ్లాక్‌గా మార్చేసి "ఒరిజినల్ క్వాలిటీ" అని పెట్టేవాళ్ళుంటారు చూడండి, వాళ్ళమీద నాకు ఒళ్ళుమంట. నూకల్ని బాస్మతి సంచిలో పోస్తే బాస్మతి అవుతుందా? ఫైలు బరువెక్కుతుంది, పోయింది తిరిగి రాదు.

బస్సులో వినడానికి ఫ్లాక్ కావాలని నేననను. ఇంజను గోలలో, 2012లో వచ్చిన ఓపస్ అనే ఫార్మాట్ 128 కేబీపీఎస్‌లో హాయిగా వినిపిస్తుంది. గంటకు 58 ఎంబీ చాలు. ఏఏసీ అనే మరో ఫార్మాట్ 256 కేబీపీఎస్‌లో దొరికితే మహారాజులా వినండి. పైగా మీ బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కి ఫ్లాక్ పంపినా, దారిలో చాలావాటికి మళ్ళీ నొక్కుడే. ఫ్లాక్ రుచి కావాలంటే వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకుని, రాత్రి పదింటికి, ఫ్యాన్ ఆపి వినాలి.

నమ్మరా? కళ్ళు మూసుకుని కూర్చోండి, ఫైళ్ళు పిల్లల్ని మార్చమనండి. సినిమా పాటల్లో 320 ఎంపీత్రీకీ ఫ్లాక్‌కీ తేడా నేనూ పట్టలేను. కానీ చిడతలు పెట్టండి, 64 అయితే మొదటి టక్కుకే పట్టేస్తాను.

అన్నట్టు, మీ అటక మీద మీ నాన్నగారు టేప్‌రికార్డర్‌లో పట్టిన హరికథ క్యాసెట్లున్నాయన్నారుగా? ఇటు గోడ మీంచి అందించండి. నా దగ్గర ప్లేయరు ఇంకా తిరుగుతోంది. ఆదివారానికల్లా ఫ్లాక్‌లో ఎక్కించి ఇస్తాను. చిడతలు టక్కుమనకపోతే అడగండి!