ఇండ్ల మా పేర్లేవి?

చాలా రోజులకు పెద్ద పోస్ట్ రాస్తున్నా, ఓపికగా చదవండి.

నాది నారాయణఖేడ్ దిక్కు తండా. సంగారెడ్డి హాస్టల్‌లో ఉండి బీకాం కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు.

మా కాకా పటాన్‌చెరులో అట్టపెట్టెలు చేసే చిన్న కంపెనీలో గోదాం చూస్తడు. పోయిన ఎండాకాలం "మా పిలగాడు కంప్యూటర్ చదువుతుండు" అని నన్ను సేట్ దగ్గరికి తీసుకపోయిండు. సరుకు లెక్క కంప్యూటర్‌లో పెట్టమన్నడు సేట్. పది రోజులు కూచుని ఎక్సెల్‌లో చేసిన. అంతా ఇంగ్లీషు, రంగురంగుల గ్రాఫులు, ప్రతి పెట్టెకో కోడ్ నంబర్. సేట్ మెచ్చుకున్నడు. కానీ గోదాంలో దాన్ని ఎవరూ ముట్టలేదు. కంప్యూటర్‌లో లెక్క ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. పెట్టెలు ఉన్నయనుకుని ఒక ఆర్డర్ ఒప్పుకున్నరు, తీరా చూస్తే లేవు. మాట పడింది మా కాకా.

ఆయన నన్ను తిట్టలేదు. "మంచిగనే చేసినవ్ బేటా, కానీ ఇండ్ల మా పేర్లేవి?" అన్నడు. తిట్టినా అంత బాధ కాకపోవు.

తర్వాత మా కాలేజీకి ఒక సార్ వచ్చిండు. వ్యాపారాలకు కంప్యూటర్ ఎట్ల పనికొస్తదో చూసి చెప్పడమే ఆయన పని. అట్లాంటి ఉద్యోగం ఉంటదని నాకు అప్పుడే తెలిసింది. ఆయన ఇక్రిశాట్ గురించి చెప్పిండు. 1972 నుంచి పటాన్‌చెరులోనే ఉన్నది. బస్సులో ఎన్నిసార్లు దాని ముందు నుంచి పోయిన్నో!

2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు ఎప్పుడు విత్తాలో చెప్పినయట. 1986 నుంచి 2015 దాకా 30 ఏండ్ల వాతావరణ లెక్కలు కంప్యూటర్‌తో చూసి, జూన్ మొదట్లో తొందరపడకుండా జూన్ 24 వారం దాకా ఆగమన్నరు. అంటే మృగశిర దాటి ఆరుద్రలో. ఆగిన రైతులకు పల్లికాయ దిగుబడి సుమారు 30 శాతం ఎక్కువ వచ్చింది. అంత పెద్ద లెక్క రైతు దగ్గరికి వచ్చేసరికి ఒక తెలుగు మెసేజ్, అంతే. మామూలు బటన్ ఫోన్ చాలు.

నాకు మా బాపు యాదికొచ్చిండు. రెండేండ్ల కింద మొదటి వానకే పత్తి పెట్టిండు. తర్వాత పదిహేను రోజులు చుక్క పడలే. గింజలు భూమిలోనే మాడినయ్. మళ్ల విత్తనాలకు అప్పు చేసిండు. ఆ ఏడు నా చదువు ఆగినంత పనైంది. అట్లాంటి మెసేజ్ ఒకటి మా బాపుకు వచ్చుంటే?

దసరా సెలవుల్లో మళ్ల కంపెనీకి పోయిన. ఈసారి ముందు కంప్యూటర్ తెరవలే. రెండు రోజులు కాకా వెంట గోదాంలో తిరిగిన. వాళ్లు పెట్టెలను సబ్బు డబ్బా, మందుల డబ్బా, బిస్కెట్ డబ్బా అంటరు. అవే పేర్లు తెలుగులో పెట్టిన. వచ్చింది, పోయింది, మిగిలింది, మూడే గడులు. ఇప్పుడు కాకా తన ఫోన్‌లోనే ఎక్కిస్తుండు. నోట్‌బుక్ మాత్రం ఇంకా జేబులోనే ఉన్నది, ఉండనీ.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కంప్యూటర్ ఉద్యోగమంటే హైటెక్ సిటీనే కాదు. పాశమైలారం, బొల్లారం దిక్కు చిన్న కంపెనీలు ఎన్నో ఉన్నయ్. అండ్ల మనోళ్లే మూటలు మోస్తుండ్రు, ప్యాకింగ్ చేస్తుండ్రు. ఆ పనీ తెలిసి, కంప్యూటరూ తెలిసినోళ్లు తక్కువ. మనకు ఇంగ్లీషు రాదని సిగ్గుపడతం గానీ, వాళ్ల మాట మనకు వస్తది కదా.

మీ ఇంట్లో ఎవరైనా కంపెనీ పనికి పోతుంటే ఈ రాత్రి ఒకసారి అడగండి, లెక్క ఎట్ల రాస్తరని. ఏం చెప్పిన్రో కింద రాయండి.