మినహాయింపు పొందిన బండి

ఇంగ్లండులో మూడేళ్లు నిండిన ప్రతి కారుకూ ఏటా ఒక పరీక్ష తప్పనిసరి. 1960లో, పదేళ్లు పైబడిన వాహనాల బ్రేకులు, దీపాలు, స్టీరింగు చూడడంతో మొదలైన ఈ పద్ధతిని నాటి రవాణా మంత్రిత్వశాఖ ఆంగ్ల నామంలోని పొడి అక్షరాలతో నేటికీ ‘ఎం.ఓ.టి.’ అనే పిలుస్తున్నారు. అయితే నలభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ జరగని వాహనాలను 2018 మే నుండి ఈ పరీక్ష నుంచి మినహాయించారు. ఫిఖహ్ పరిభాషలో చెప్పాలంటే ఇది రుఖ్సత్, అంటే వెసులుబాటు. ఆ వెసులుబాటు పరీక్షకే గాని బాధ్యతకు కాదు. లోపమున్న బండిని రోడ్డెక్కించడం అక్కడ ఇప్పటికీ నేరమే.

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా మేనల్లుడి వద్ద 1963 నాటి మోరిస్ మైనర్ ఉంది. మన అంబాసిడర్‌కు మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు ఇది చెల్లెలి వరుస. చట్టం అడగకపోయినా అతడు ఏటా దానిని పరీక్షకు తీసుకువెళతాడు. ఎందుకని అడిగాను.

“ఇది 1965కు ముందరి బండి మామూ, సీటు బెల్టులు లేవు. లేకపోయినా చట్టం ఒప్పుకుంటుంది. వెనక సీట్లో కూర్చునేది నా పిల్లలు. కనీసం చక్రాలైనా తెలిసినవాడికి చూపించవద్దా?”

అతడు వెళ్లేది నగరపాలక సంస్థ నడిపే కేంద్రానికి. అక్కడ పరీక్షిస్తారే తప్ప మరమ్మతులు చేయరు. తప్పు పట్టేవాడికి ఆ తప్పు వల్ల లాభం ఉండకూడదన్న ఆ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. బండి యజమాని నిలబడి పరీక్షను చూసేందుకు ప్రత్యేకంగా చోటు కూడా ఉంది.

దీపాలు, హారను, వైపర్లు త్వరగానే ముగిశాయి. బ్రేకులు కూడా నెగ్గాయి. తరువాత బండిని పైకెత్తి, పరీక్షకుడు ముందు చక్రం కింద ఇనుప కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తి చూశాడు. ఈ కారులో ముందు చక్రాన్ని మోసే కింది కీలును ట్రనియన్ అంటారు. అది మరలపై తిరుగుతుంది. గ్రీజు అందకపోతే మరలు అరిగి, ఏదో ఒక రోజున కీలు ఊడి చక్రం బండి కిందికి మడత పడుతుంది. కుడివైపు కీలు కదిలింది. అతడు మళ్లీ ఎత్తి చూశాడు. మళ్లీ కదిలింది.

ఆ కడ్డీని చూస్తుంటే ఇమామ్ మావర్దీ (రహ్మతుల్లాహి అలైహి) గ్రంథం ‘అల్ అహ్కాముస్ సుల్తానియ్యా’ జ్ఞప్తికి వచ్చింది. 1058లో బాగ్దాదులో కన్నుమూసిన ఆ పండితుడు ముహ్తసిబ్ విధులను వివరిస్తూ పడవల ప్రస్తావన తెస్తారు. మోయగలిగిన దానికి మించి ఎక్కించుకోకుండా, గాలి ఉద్ధృతంగా ఉన్నప్పుడు బయలుదేరకుండా పడవలవారిని ఆపడం అతని పని. పశువులపై శక్తికి మించిన భారం వేయకుండా చూడడమూ అతని పనే. గోదావరి లాంచీ ప్రమాదాలు ఎరిగిన మనకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

లోపాలను స్వల్పం, తీవ్రం, ప్రమాదకరం అని మూడు తరగతులుగా రాస్తారు. మా కాగితంపై మూడవది పడింది. బండి లారీ ఎక్కి ఇల్లు చేరింది. ఆ ఆదివారం షికారుకు పిల్లలు అలకతోనే బస్సెక్కారు.

కొత్త కీలు బిగించాక మలి పరీక్షలో బండి నెగ్గింది. నంబరు తెలిస్తే చాలు, రెండు ఫలితాలనూ ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. రేపు అమ్మవలసి వస్తే ధర తగ్గదా అన్నాను.

“కొనేవాడికి తెలియాలి కదా మామూ” అంటూ అతడు గ్రీజు గన్ను తీసుకొని ఎడమ చక్రం వైపు వెళ్లాడు.