సీటు బెల్టు లైటు ఆరకముందే

దుబాయ్ ఫ్లైట్ల గురించి హైదరాబాద్‌లో ఎవరిని కదిపినా ఒకే కథ చెప్తారు. చక్రాలు నేలను తాకీ తాకకముందే బెల్టులు టపటపా ఊడిపోతాయి. సగం మంది లేచి నిలబడతారు. పై అరల్లోంచి సంచులు లాగుతుంటే కింద కూర్చున్నవాళ్ల నెత్తిన పడేలా ఉంటాయి. ఫోన్లు స్పీకర్లో పెట్టి "దిగినం, దిగినం" అని విమానం మొత్తానికి వినిపిస్తారు. ఆఖర్న ఒక మాట తప్పకుండా చేరుతుంది: "లేబర్ బ్యాచ్ కదా, ఇంకేం చెప్తాం." మా ఆఫీసు క్యాంటీన్‌లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. మా బాపు ఆ బ్యాచ్‌లో 21 ఏళ్లు ఉన్నాడు.

కథ అబద్ధమని అనను. మా అక్కా బావా షార్జాలో ఉంటారు, ఆ దారిన నేను ఆరుసార్లు తిరిగాను. లేస్తారు, నిజమే. ఎయిర్‌హోస్టెస్ కూర్చోమంటే కూర్చుంటారు, ఆమె అటు తిరగ్గానే మళ్లీ లేస్తారు. ఒకసారి నా పక్కనాయన రెండు గంటల పాటు ఫోన్‌లో కామెడీ సీన్లు పెట్టుకుని, ఇయర్‌ఫోన్స్ లేకుండా, నవ్వుకుంటూ చూశాడు. నా తల పగిలిపోయింది. అడిగితే వెంటనే ఆపేశాడు, "చెవులల్ల పెట్టుకునేది యాడనో పోయిందమ్మా" అని. ఇంకోసారి ఒకడు ఫుల్లుగా తాగొచ్చి ముందు సీటును తన్నుతూనే ఉన్నాడు. దాన్ని పేదరికం ఖాతాలో రాసి మాఫీ చేయడం నాకిష్టం లేదు. తాగి తన్నినవాడు తాగి తన్నినవాడే.

అయితే ఆ ఆరు ప్రయాణాల్లో ఇంకా కొన్ని చూశాను. అవి ఎవరి కథల్లోనూ రావు. భోజనం ట్రేలు ఇచ్చిన నిమిషానికే సీటు మొత్తం వెనక్కి వాల్చేసి, వెనకాయన కూర ఒళ్లో ఒలికినా తల తిప్పని బ్లేజరు మనిషి. పై అర నిండా డ్యూటీ ఫ్రీ సంచులు పెట్టేసి, తర్వాత వచ్చినాయన చిన్న బ్యాగును కాళ్ల దగ్గర పెట్టుకోమన్న జంట. కొడుకు గంటసేపు ముందు సీటును తంతుంటే "కిడ్స్ కదా" అని నవ్విన తండ్రి. వీళ్లను ఎవరూ బ్యాచ్ అనరు. వీళ్లలో ఎవరి తప్పు వాళ్లొక్కరిదే. మావాళ్లలో ఒకరు చేస్తే జిల్లా మొత్తానిది.

విమానంలో గొడవ చేసేవాళ్ల మీద డీజీసీఏ 2017లో నిషేధాల పద్ధతి తెచ్చింది. నోటి దురుసుకు మూడు నెలల వరకు, చేయి చేసుకుంటే ఆరు నెలల వరకు, ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్లు, ఆ పైన. దాని వెనక కోరుట్ల మేస్త్రీలు లేరు. ఆ ఏడాది మార్చిలో ఒక పార్లమెంటు సభ్యుడు బిజినెస్ క్లాసు గొడవలో విమాన సంస్థ ఉద్యోగిని చెప్పుతో కొట్టాడు. జూన్‌లో మన తెలుగు ఎంపీ ఒకాయన విశాఖ విమానాశ్రయానికి ఆలస్యంగా వచ్చి, బోర్డింగ్ ఇవ్వలేదని కౌంటర్ దగ్గర రభస చేశారు. 2022 నవంబర్‌లో న్యూయార్క్ నుంచి ఢిల్లీ వచ్చే విమానంలో ఒక పెద్దావిడ మీద మూత్రం పోశారన్న ఫిర్యాదు కూడా బిజినెస్ క్లాసులోదే. ఆ వార్త చదివి మా క్యాంటీన్‌లో అందరూ ఛీ అన్నారు. "బిజినెస్ బ్యాచ్ కదా" అని మాత్రం ఎవరూ అనలేదు.

మా దిక్కు మస్కట్ పోయినా, కువైట్ పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. కోరుట్ల, మెట్‌పల్లిల్లో ఆడవాళ్లు బీడీలు చుట్టారు, మగవాళ్లు దుబాయ్ పోయారు. మా ఇంట్లో కూడా అంతే. సిరిసిల్లలో మరమగ్గాలు ఆగినప్పుడల్లా కొందరు భీవండి రైలెక్కారు, కొందరు దుబాయ్ విమానమెక్కారు. జగిత్యాల చుట్టుపక్కల బావులు ఎండినవాళ్లు, బోర్లు వేసి మునిగినవాళ్లు వెళ్లారు. విమానం కంటే ముందు వీళ్లందరూ ఎక్కింది ఆర్టీసీ బస్సు. జగిత్యాల బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేయడం రాని మనిషి కరీంనగర్ దాకా నిలబడే పోతాడు. వరుసలవారీగా, మెల్లగా, ఒకరి తర్వాత ఒకరు దిగాలనే పద్ధతి వీళ్లకు ఎవరు చెప్పాలి? నేనెక్కిన విమానాల్లో ఇంగ్లీషులో చెప్పారు, అరబ్బీలో చెప్పారు, హిందీలో చెప్పారు. సగం విమానం తెలుగే, తెలుగులో మాత్రం చెప్పలేదు.

ఇంకో సంగతి, విమానం లోపల కూర్చుంటే కనపడనిది. నేను చాలా ఏళ్లు బయటి రెయిలింగ్ వైపు ఉన్నాను. మొదట బేగంపేటలో, 2008లో విమానాశ్రయం మారాక శంషాబాద్‌లో. బాపు వస్తున్నాడంటే ముందురోజు సాయంత్రమే జీపు మాట్లాడుకునేవాళ్లం. అమ్మ, అక్క, నేను, చిన్నాయన, ఖాళీ ఉంది కదా అని ఇంకో ఇద్దరు. కోరుట్ల నుంచి 200 కిలోమీటర్ల పైనే. నాకు సిద్దిపేట దాటాక వాంతులు. తెల్లవారుజామున చల్లటి బండల మీద దుప్పటి పరుచుకుని కునుకు తీసేవాళ్లం. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి చూడడం. లోపల ఎవరు లైటు ఆరకముందే లేచారో మాకేం తెలుసు? ఎవరి నాయన ముందు బయటికొచ్చాడన్నదే మాకు లెక్క. ఇరవై మంది వచ్చినా బాపు రాకపోతే అమ్మ కొంగు నోట్లో పెట్టుకునేది. జీపాయన వెయిటింగ్ డబ్బులు అడిగేవాడు.

బాపు వచ్చేవాడు. తాడు కట్టిన కార్టన్, దాని మీద నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, మండలం. లోపల టైగర్ బామ్, టాంగ్ పొడి, పువ్వుల దుప్పటి. వచ్చి ఎత్తుకోగానే గుప్పున సెంటు వాసన. ముక్కు మండేంత. అది దుబాయ్ వాసన అనుకునేదాన్ని. బడిలో గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా, మా బాపు దుబాయ్ వాసనొస్తడు అని.

ఆ సెంటు సంగతి అమ్మ నాకు డిగ్రీలో ఉన్నప్పుడు చెప్పింది. బాపు వెళ్లిన కొత్తల్లో ఒకసారి సెలవు మంజూరై, సెంట్రింగ్ పని నుంచి క్యాంపుకు వచ్చి, ఉతికిన అంగీ వేసుకుని, అట్నుంచటే ఎయిర్‌పోర్టుకు వచ్చాడు. స్నానానికి నీళ్లు దొరికాయో లేదో అమ్మకు కూడా తెలియదు. పక్క సీటామె ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఎయిర్‌హోస్టెస్‌ను పిలిచింది. ఇంగ్లీషులో ఏదో అంది. బాపుకు ఇంగ్లీషు రాదు గానీ రుమాలు అర్థమైంది. ఆయన్ను లేపి ఆఖరి వరుసలో బాత్రూముల పక్కన కూర్చోబెట్టారు. ఎవరూ తిట్టలేదు, చాలా మర్యాదగా జరిగింది. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా విమానం ఎక్కే ముందు డ్యూటీ ఫ్రీ దుకాణంలో వాసన చూడ్డానికి పెట్టిన సీసాలన్నీ అంగీ మీద కొట్టుకునేవాడట. నీళ్లు తాగేవాడు కాదట. తాగితే లేవాలి, లేవాలంటే పక్కవాళ్లను జరగమనాలి. "నాలుగు గంటలే గదా" అనేవాడట అమ్మతో.

ఈ మధ్య షార్జా నుంచి వస్తుంటే నా వెనక వరుసలో ఇద్దరు అమ్మాయిలు మాట్లాడుకుంటున్నారు. "వీళ్లు పర్‌ఫ్యూమ్‌తో స్నానం చేస్తారే బాబూ, మైగ్రేన్ వచ్చేస్తోంది." వాళ్ల బాధా నిజమే అయి ఉంటుంది, ఘాటు నాకూ తగులుతోంది. చెమట కంపు కొట్టొద్దు, సెంటూ కొట్టొద్దు. మరి ఆ ముందు సీట్లో మనిషి ఎలా వాసన రావాలో నాకు తోచలేదు.

కాగితాల దగ్గరా అంతే. బాపు నాలుగో తరగతి. సంతకం తెలుగులో చేస్తాడు. దిగేటప్పుడు నింపే కార్డు భారతీయులకు 2014లో తీసేశారు, వెళ్లేటప్పుడు నింపేది 2017లో తీసేశారు. అంతకుముందు ప్రతిసారీ పక్కవాళ్లను అడగాల్సిందే: "సార్, జర గీ ఫారం నింపుతరా?" కొందరు విననట్టు కళ్లు మూసుకునేవాళ్లట. ఒకసారి ఎవరో చదువుకునే పిల్లగాడు ముందు, వెనక వరుసలవి కలిపి పదిహేను కార్డులు నింపాడట, పెన్నులో సిరా అయిపోతే ఇంకో పెన్ను అడుక్కొచ్చి మరీ. అంత వివరంగా బాపు చెప్పే విమానం ముచ్చట అదొక్కటే.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం క్లియరెన్స్ కావాలి. పెట్టింది వాళ్లు మోసపోకుండా కాపాడ్డానికే. 2018 జనవరిలో కేంద్రం ఇంకో అడుగు ముందుకేసి వీళ్ల పాస్‌పోర్టు అట్టకు నారింజ రంగు వేస్తామంది. గొడవయ్యాక ఆ నెలాఖరుకే వెనక్కి తగ్గింది. ఆ రంగు వచ్చి ఉంటే క్యూలో పదడుగుల దూరం నుంచే తెలిసిపోయేది, ఎవరి పక్కన సీటు వద్దనుకోవాలో.

2019లో ఒకసారి విమానం ఆగీ ఆగకముందే నా ముందు రెండో వరుసలో ఒకాయన లేచి ఫోన్ స్పీకర్లో పెట్టాడు. అటువైపు ఏడుపులు. ఈయన గట్టిగా అరుస్తున్నాడు: "బాడీ గీ విమానంలనే అచ్చింది. అంబులెన్స్‌ను కార్గో దిక్కు తోలుండ్రి. అరే, ఇనవడ్తుందా?" అవతల వినపడడం లేదు, అందుకే ఇంకా గట్టిగా. నా పక్కనున్న పెద్దమనిషి "సమ్ పీపుల్ హావ్ నో మేనర్స్" అని నా వైపు చూశాడు, నేను ఒప్పుకుంటానని. ఆయనకు తెలుగు రాదు. కింద సరుకుల అరలో ఏముందో నేను చెప్పాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు. ముందాయన అరుస్తూనే ఉన్నాడు, సిరిసిల్లకు ఎంతసేపు పడుతుందో ఎవరికో లెక్క చెప్తూ.

అదే సిరిసిల్ల వైపు నుంచి వెళ్లిన ఐదుగురు ఒక హత్య కేసులో దుబాయ్ జైల్లో 18 ఏళ్లు ఉండి, 2024 మొదట్లో విడుదలై వచ్చారు. అందరూ ఒకేసారి రాలేదు. శంషాబాద్‌లో ఇంటివాళ్లను పట్టుకుని ఏడుస్తున్న వీడియోలు టీవీల్లో అందరం చూశాం. వాళ్లు జైలుకు పోయేనాటికి ఆ విమానాశ్రయమే లేదు. ఆ రోజు విమానంలో వాళ్ల పక్క సీట్లలో ఎవరున్నారో, వీళ్లు లైటు ఆరేదాకా ఆగారో లేదో, ఎవరైనా విసుక్కున్నారో లేదో.

బాపు 2017లో ఇక పోనని వచ్చేశాడు. మోకాళ్లు అరిగాయి. పోయినేడు ఆయన్ను, అమ్మను తిరుపతి తీసుకెళ్లడానికి విమానం టికెట్లు తీశాను. అమ్మకు అదే మొదటిసారి. బాపు ఇంట్లోంచి బయల్దేరే ముందు రెండుసార్లు స్నానం చేశాడు. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నీళ్లు తాగమంటే వద్దన్నాడు. "గంటనే గదా" అన్నాడు.

రేణిగుంటలో దిగాం. విమానం ఇంకా మెల్లగా దొర్లుతుండగానే చుట్టూ బెల్టులు ఊడాయి. పట్టుచీరలు, లాప్‌టాప్ బ్యాగులు, గుండు కొట్టించుకోబోయే పిల్లలు, అందరూ లేచి దారిలో ఇరుక్కుని నిలబడ్డారు. అమ్మ కూడా సంచి పట్టుకుని లేవబోయింది. బాపు ఆమె చేయి పట్టి కూర్చోబెట్టాడు.

"పోనియ్యరాదు. మనకోసం బయట ఎవలున్నరు?"