పైన టేకు... లోన రవ్వ!

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అనగానే ముందు ఆసుపత్రులే గుర్తొస్తాయి. ఆదివారం మాత్రం ఆ పేరుకు అర్థం మారిపోతుంది. పొద్దున్నే మెట్రో స్టేషన్ మెట్లు దిగితే చాలు, రోడ్డు పక్కన పరిచిన సామాను మధ్య అడుగేయడానికి చోటు వెతుక్కోవాలి. పాత స్పానర్లు, టీవీ రిమోట్లు, మూతల్లేని మిక్సీ జార్లు, జత తప్పిన చెప్పులు... ఏం కావాలో తెలియకుండా వెళ్లినవాళ్లు కూడా ఏదో ఒకటి పట్టుకొచ్చే సండే మార్కెట్ అది. ఆ గుట్టల నడుమే కాళ్లు ఆకాశానికి చాపి పడుకున్న కంప్యూటర్ టేబుళ్లు, తలుపు ఊడిన షూ ర్యాకులు, మూల దగ్గర సన్‌మైకా లేచిన డైనింగ్ బల్లలు కనిపిస్తాయి.

వాటి చుట్టూ తిరిగేవాళ్లూ రకరకాలు. నలుగురు కలిసి గది తీసుకున్న కుర్రాళ్లు, కొత్త కాపురం పెట్టిన జంటలు, ఇంట్లో ట్యూషన్లు చెప్పేవాళ్లు, చిన్న టిఫిన్ సెంటర్ తెరవబోయేవాళ్లు. 2020లో లాక్‌డౌన్ వచ్చి ఇంటి నుంచే పని మొదలయ్యాక కంప్యూటర్ బల్ల అవసరం మరెన్నో ఇళ్లకు పాకింది. అందరి లెక్కా ఒకటే... తక్కువలో కొందాం, కాస్త రంగేసి కొత్తదాన్ని చేసుకుందాం! ఆ లెక్క కొందరికి కుదురుతుంది, కొందరికి ఎదురు తంతుంది. బల్లను పైన చూసి కొన్నారా, కింద చూసి కొన్నారా అన్నదే తేడా.

ఎందుకంటే సన్‌మైకా అంటే చెక్క కాదు, కాగితం! సన్‌మైకా అన్నది అసలు ఒక బ్రాండు పేరు. వనస్పతి అంతా డాల్డా అయినట్టు, ఏ కంపెనీ లామినేట్ అయినా మనకు సన్‌మైకానే. ఈ తరహా రేకు పుట్టింది అమెరికాలో. వెస్టింగ్‌హౌస్ కంపెనీలో పనిచేసిన డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్ కరెంటు పరికరాల్లో వాడే అభ్రకానికి, అంటే మైకాకి, బదులుగా 1912 ప్రాంతంలో రెజిన్ పొరలతో దీన్ని తయారుచేశారు. ‘మైకాకు బదులు’ అన్న అర్థంలోనే ఫార్మైకా అని పేరు పెట్టి 1913లో సిన్సినాటిలో సొంత కంపెనీ తెరిచారు. గూడూరు గనుల పుణ్యమా అని తెలుగువాళ్లకు అభ్రకం కొత్తేం కాదుగానీ, మన ఇళ్లలోని సన్‌మైకాలో అది మచ్చుకైనా ఉండదు. అడుగున సిమెంటు సంచిలాంటి గోధుమరంగు కాగితం కొన్ని పొరలు, వాటిమీద టేకు గీతలో రోజ్‌వుడ్ గీతలో అచ్చేసిన ఒక్క కాగితం. వీటిని రెజిన్‌లో తడిపి, వేడిచేసి, గట్టిగా నొక్కితే ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు రేకు తయారు. మందం ఒక మిల్లీమీటరు, లేదా అంతకన్నా తక్కువ. మీరు ముచ్చటపడే ఆ టేకు గీతలు, మీ చేతిలోని ఈ పేజీలాగే, అచ్చు బొమ్మ!

తాతలనాటి టేకు బల్ల ఎంత నల్లబడినా వడ్రంగి చిత్రిక పడితే లోపల మళ్లీ టేకే వస్తుంది. దీన్ని గీకితే గోధుమరంగు కాగితం వస్తుంది. చవకరకం కంప్యూటర్ బల్లల్లో ఆ మాత్రం దళసరి కూడా ఉండదు. పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు మీద అచ్చు కాగితం ఒక్కటే అతికి ఉంటుంది. అందుకే దీన్ని పాలిష్ పట్టి బాగుచేయడం కుదరదు. ఉన్నవి రెండే దారులు... రంగేయడం, లేదంటే పైన కొత్త రేకు అతికించడం. రెంటికీ లోపలి చెక్క గట్టిగా ఉండాలి.

కన్నంలో గుట్టు

‘లోపల అసలైన ప్లైవుడ్ సార్’ అనే మాట మార్కెట్‌లో ఎటు తిరిగినా వినిపిస్తుంది. నమ్మాలా వద్దా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కంప్యూటర్ బల్లకు వైర్ల కోసం ఓ కన్నం ఉంటుంది కదా, దాని ప్లాస్టిక్ మూత తీసి లోపలి అంచు చూస్తే చాలు. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. రవ్వలా గరుకుగా ఉంటే పార్టికల్ బోర్డు. బిస్కెట్ విరిచినట్టు నున్నగా ఉంటే ఎండీఎఫ్. అల్మరాకైతే తలుపు బందులు బిగించిన చోట ఈ గుట్టు బయటపడుతుంది.

తర్వాత చూడాల్సింది కాళ్లు. రోజూ ఇల్లు తుడిచిన తడి తగిలేది అక్కడే. పార్టికల్ బోర్డుకు నీళ్లు దిగితే నానిన అటుకుల్లా ఉబ్బుతుంది, ఆరినా వెనక్కి తగ్గదు. ఆ ఉబ్బును దాచడానికి కింద కొత్త పట్టీ కొట్టి రంగు పూసి అమ్మేవాళ్లూ లేకపోలేదు. అడుగున ఒక్క పట్టీయే తళతళలాడుతుంటే అనుమానించాల్సిందే. పైభాగాన్ని వేలి కణుపుతో అక్కడక్కడా తట్టి చూడాలి. డొల్ల మోత వస్తే అక్కడ రేకు ఊడి ఉందని అర్థం. అది పెద్ద జబ్బేం కాదు, అతుక్కుంటుంది. ఇక సొరుగుల మూలల్లో, అతుకుల్లో నల్లటి చుక్కలు కనిపిస్తే మాత్రం బేరం ఆపేయడం మంచిది. అవి నల్లుల ఆనవాళ్లు కావచ్చు. బల్లతోపాటు అవీ ఇంటికొస్తే మంచాలు, పరుపులు అన్నీ ఎండలో వేసుకోవాల్సి వస్తుంది.

ఆదివారం తీరికలేనివాళ్లకు పురానాపూల్ దగ్గర గురువారం నాటి జుమ్మేరాత్ బజార్ ఉంది. సామాను మారినా చూడాల్సిన చోట్లు మారవు.

టేపు పరీక్ష

సన్‌మైకాను తయారుచేసిందే దానిమీద ఏదీ అంటకుండా ఉండటానికి. సాంబారు ఒలికినా తుడిస్తే పోతుందనే కదా హోటళ్లవాళ్లకు అదంటే అంత ఇష్టం! ఆ గుణమే రంగేసేవాళ్లకు శత్రువు. నేరుగా ఎనామిల్ పూస్తే ఆ పూట అద్దంలా మెరుస్తుంది. నెల తిరక్కుండానే అట్టలు కట్టి ఊడొస్తుంది.

కాబట్టి ముందు జిడ్డు వదిలించాలి. గిన్నెలు తోమే సబ్బునీళ్లతో తుడిచి, మంచినీళ్లతో మరోసారి తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. నీళ్లు గుమ్మరించకూడదు, బట్ట తడిపి పిండాలి. ఆ తర్వాత 180 లేదా 220 నంబరు గరుకు కాగితంతో మెల్లగా రుద్దాలి. ఎంతవరకు? మెరుపు పోయేవరకే... బొమ్మ పోయేవరకు కాదు. ముక్కుకు మాస్కు తప్పనిసరి. గాట్లు, చిన్న గుంటలు ఉంటే చెక్క లప్పం పెట్టి చదును చేయాలి.

అసలు కీలకం ప్రైమర్. మామూలు చెక్క ప్రైమర్ ఇక్కడ పట్టు దొరక్క జారిపోతుంది. లామినేట్, టైల్స్ లాంటి నున్నటి వాటికి అంటుకునే ప్రైమర్ కావాలని దుకాణంలో విడిగా అడగాలి. అది ఆరాక కనబడనిచోట గట్టి టేపు అంటించి చటుక్కున లాగండి. ప్రైమర్ టేపుతో లేచొస్తే అక్కడితో ఆగి మళ్లీ రుద్దుకోవాలి. నిలిస్తేనే రంగు. దళసరిగా ఒకసారి కన్నా పల్చగా రెండుసార్లు వేయడం మేలు. చేతికి అంటకపోయినంత మాత్రాన రంగు గట్టిపడినట్టు కాదు, దానికి రోజులు పడుతుంది. ఈలోగా బరువైన మిక్సీ పెడితే దాని కాళ్ల గుర్తులు జీవితాంతం ఉండిపోతాయి! వానాకాలంలో ఈ ఓపిక రెట్టింపు కావాలి. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు పొడి వాతావరణం చూసుకుని మొదలుపెట్టడం ఉత్తమం.

షూ ర్యాకులకు, పుస్తకాల అల్మరాలకు రంగు సరిపోతుంది. రోజూ వేడి గిన్నెలు దించే డైనింగ్ బల్లకు సరిపోదు. దానిపైన కొత్త సన్‌మైకా అతికించుకోవడమే నయం. అది వడ్రంగి చేతి పని. అయితే పాత రేకు మీదే కొత్తది వేసేటప్పుడు మామూలు తెల్ల ఫెవికాల్ వాడనివ్వకూడదు. అందులోని నీటిని చెక్క పీల్చుకుంటేనే అది గట్టిపడుతుంది. రెండు రేకుల మధ్య ఆ నీళ్లు ఎటు పోతాయి? రెండువైపులా పూసి, కాస్త ఆరనిచ్చి, ఒక్కసారిగా నొక్కే రబ్బరు రకం జిగురు వాడాలి. దాని వాసన ఘాటు, పైగా త్వరగా అంటుకునే గుణం. కిటికీలు తెరవాలి, దగ్గర్లో స్టవ్ వెలగకూడదు. వదులైన స్క్రూ కన్నాల్లో అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి దోపి, ఆరాక బిగించడం పాత చిట్కాయే. పనిచేస్తుంది. కన్నం మరీ పిండిపిండిగా రాలిపోతుంటే బందును అంగుళం పక్కకు జరపాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ చెక్కకు వేరే గతి లేదు గనుక. పాత టేకు ముక్క చివరికి నీళ్లకాగు కిందికైనా పనికొచ్చేది. రెజిన్ ఎక్కిన ఈ బోర్డులను కాలిస్తే వచ్చేది ఒంటికి పడని పొగ. పొయ్యిలో పెట్టకూడదు, మట్టిలో పారేస్తే త్వరగా కుళ్లదు. అలాగని కాళ్లు ఉబ్బిపోయిన టీవీ స్టాండును జాలిపడి తెచ్చుకోమని కాదు. దాన్ని ఊరికే ఇచ్చినా వద్దనాలి. లోన గట్టిగా ఉన్న ప్లైవుడ్ బల్ల, పైన ఎంత వికారంగా ఉన్నా, కళ్లకద్దుకుని తెచ్చుకోవచ్చు.

మెట్రోలో వచ్చినవాళ్లు బల్లతో మెట్రోలో వెళ్లలేరు కదా, ట్రాలీ ఆటో మాట్లాడుకోవాలి. బల్ల బేరం కుదిరాక ఆటో బేరం మొదలుపెడితే డ్రైవరుదే పైచేయి. ముందే అడిగి ఉంచుకోవడం తెలివి. ఎక్కించాక తాడు అంచుల మీద నేరుగా బిగించనివ్వకుండా మధ్యలో పాత గోనెపట్టా వేయించాలి. బిగించిన తాడు గుంతల రోడ్డు మీద ఒరుసుకుంటే మూల రేకు లేచి ఊరుకుంటుంది, ఇంటికి చేరకముందే జిగురు డబ్బా కొనాల్సి వస్తుంది.