ఊరి పేరు గుత్తి... ఉండేది నల్లమల!

అనంతపురం జిల్లా గుత్తి అనగానే కొండమీది కోట, మురారిరావు ఏలుబడి గుర్తొస్తాయి. జంతుశాస్త్రం చదివినవాళ్లకు మాత్రం ఓ సాలీడు గుర్తొస్తుంది. నెమలికంఠం రంగులో మెరిసే దాన్ని ప్రపంచమంతా 'గుత్తి టరాంటులా' అంటుంది. తమాషా ఏంటంటే, దాని సొంతూరు గుత్తి కాదు!

1899లో పోకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త దీన్ని తొలిసారి లోకానికి పరిచయం చేశాడు. ఆయనకు అందిన సాలీడు గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. దాంతో ఊరి పేరే స్థిరపడింది. తర్వాత వందేళ్లపాటు జాడలేదు. 2001లో మళ్లీ కనిపించింది. అదీ గుత్తికి సుమారు వంద కిలోమీటర్ల దూరాన, నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమల అడవిలో. దుంగలతోపాటు రైలెక్కి గుత్తి చేరి ఉంటుందన్నది శాస్త్రవేత్తల ఊహ.

గుర్తుపట్టడం ఎలా?

కాళ్లు చాపితే 15 నుంచి 20 సెంటీమీటర్లు ఉంటుంది. ముందుభాగానికి ఎనిమిది కాళ్లు, వాటికి ముందు పొట్టికాళ్లలా కనిపించే రెండు స్పర్శాంగాలు. తలమీది చిన్న బొడిపె దగ్గర ఎనిమిది కళ్లూ గుంపుగా ఉంటాయి. కోరలు గునపాల్లా కిందికి దిగుతాయి. పొట్టమీద లేసు అల్లినట్టు తెల్లటి గీతలు. ముందుకాళ్ల అడుగున పసుపు పట్టీలు. బెదిరిస్తే ఆ కాళ్లెత్తి వాటినే చూపిస్తుంది. అన్నిటికన్నా వింత, ఆ నీలం. ఒంట్లో నీలిరంగు పదార్థమేమీ లేదు. వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన నిర్మాణం మీద వెలుతురు పడి అలా మెరుస్తుంది.

ఇది గుండ్రటి గూడు అల్లి మధ్యలో కూర్చునే రకం కాదు. ఎత్తైన చెట్ల తొర్రల్లో పట్టుదారాలు పరుచుకుని కాపురం పెడుతుంది. పగలంతా లోపలే ఉండి, రాత్రి పురుగుల వేటకు బయటికొస్తుంది.

చెట్టు ముదిరితేనే తొర్ర, తొర్ర ఉంటేనే సాలీడు. కలపకూ, వంటచెరకుకూ పాత చెట్లు కొట్టేస్తే దానికి నిలువ నీడ ఉండదు. పైగా విదేశాల్లో సాలీళ్లు పెంచేవాళ్లకు ఈ నీలమంటే మోజు. అందుకే 2008లో ఐయూసీఎన్ దీన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. ఈ జాతి సాలీళ్ల అంతర్జాతీయ వ్యాపారంమీద 2019లో నియంత్రణ వచ్చింది.

ఆ దారిన వెళ్లేవాళ్లు తొర్రల్లో చేతులు పెట్టకపోవడం ఇద్దరికీ మంచిది. కాటు వేస్తే నొప్పి భరించడం కష్టం. ఒకప్పుడు కలపతోపాటే ఈ సాలీడు లోకానికి తెలిసింది. ఆ కలప కోసమే చెట్లన్నీ పోతే, మిగిలేది గుత్తి పేరొక్కటే.