సస్తా టికెట్, పూరా నామ్



ఎల్లారెడ్డి నుంచి గల్ఫ్‌కి పోయే పిల్లల సామాన్ చాలాసార్లు కిరాణా దుకాణం కాంటా మీదే తూగుతుంది. చేతి బ్యాగు ఏడు కిలోలు అనే లెక్క మా ఖాలాలకు, ఫుప్పీలకు కూడా నోటికొచ్చేసింది. అచార్ సీసా తీసి, మసాలా పొట్లం పెట్టి, మళ్ళీ తూచి, కామారెడ్డిలో బస్సెక్కేదాకా అదే ఫికర్. నేను చెప్పదలచింది బరువు గురించి కాదు, పేరు గురించి.

ముందు ఈ విమానాలు ఎందుకు సస్తానో ఒక మాట. షార్జా నుంచి ఎయిర్ అరేబియా, మన దేశంలో కెప్టెన్ గోపీనాథ్ పెట్టిన ఎయిర్ డెక్కన్, రెండూ 2003లోనే ఎగరడం మొదలుపెట్టాయి. తర్వాత కువైట్ జజీరా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, ఫ్లైదుబాయ్ వచ్చాయి. దిగిన విమానం గంటలోపే మళ్ళీ ఎగరాలి. టికెట్‌లో ఉండేది సీటు కిరాయి ఒక్కటే. ఖానా, ఎక్కువ సామాన్, కిటికీ పక్క సీటు అన్నిటికీ వేరే పైసలు. దీన్ని ధోకా అనేవాళ్ళున్నారు. నేననను. పల్లెవెలుగు బస్సులో బియ్యం బస్తాకు కండక్టర్ లగేజీ టికెట్ కొట్టడా? ఈ విమానాలే లేకుంటే రెండేళ్ళకోసారి ఇంటికొచ్చే మజ్దూర్ నాలుగేళ్ళకు వచ్చేవాడు. "సస్తా రోయే బార్ బార్" అనే మా అబ్బా మాట నాకు సగమే నచ్చుతుంది.

ఆ సగం ఎందుకంటే, సస్తా టికెట్‌లో తప్పు దిద్దుకునే జాగా ఉండదు.

మా ఫుప్పీ కొడుకు షార్జాలో ఏసీ పని చేస్తాడు. పాస్‌పోర్టులో అతనికి ఒకటే పేరు, సర్‌నేమ్ గడి ఖాళీ. మన ఊళ్ళలో ఇది మామూలే. ఫుప్పీ ఇంతెఖాల్ కబురు రాత్రి చేరింది. రూమ్‌లో దోస్త్ ఫోన్‌లోనే టికెట్ తీశాడు. సర్‌నేమ్ గడి నింపందే ముందుకు పోనివ్వదు. పాపం వాళ్ళ అబ్బా పేరు రాశాడు. కౌంటర్‌లో పాస్‌పోర్టుతో పేరు కలవలేదన్నారు. దిద్దడం కుదరదు, కొత్త టికెట్ కొనమన్నారు. ఆ విమానంలో సీటు లేదు. "భాయ్‌జాన్, మగ్రిబ్ దాకా ఆపగలరా?" అని ఫోన్‌లో అడిగాడు. మయ్యత్‌ను అంతసేపు ఉంచొద్దని పెద్దలు అన్నారు. జొహర్ తర్వాత జనాజా అయిపోయింది. చీకటి పడ్డాక ఊరు చేరినవాడు ఇంటికి రాలేదు, నేరుగా ఖబరస్తాన్‌కే పోయాడు.

నేను ఉర్దూ మీడియంలో చదివాను. ఉర్దూలో ముహమ్మద్ పేరుకు ఒకటే రాత. ఇంగ్లీషులోకి పోతే ఆధార్‌లో ఒక తీరు, టెన్త్ మెమోలో ఇంకో తీరు, ఇంకో చోట ఉత్త ఎండీ. మన తప్పేమీ లేకుండానే ఒక మనిషి ముగ్గురవుతాడు. టికెట్‌కు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నవాడే అసలు మనిషి. ఒకే పేరుంటే కొన్ని కంపెనీలు అదే పేరు రెండుసార్లు రాయమంటాయి, కొన్ని ఎఫ్‌ఎన్‌యూ అని రాయమంటాయి. పైసలు కట్టకముందే కంపెనీని అడగండి, ఏజెంట్ భాయ్ మాట మీద వదలొద్దు.

అమ్మీలను కొడుకుల దగ్గరికి విజిట్ మీద పంపేవాళ్ళు ఇంకా జాగ్రత్త. 2022 నవంబరు 21 నుంచి యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్, టూరిస్ట్ వీసాల మీద రానివ్వడం ఆపింది. తర్వాత పాస్‌పోర్టులో తండ్రి పేరో ఖాన్‌దాన్ పేరో ఉంటే చాలని సడలించింది. రెసిడెన్స్ వీసా ఉన్నవాళ్ళకు ఆ పాబందీ లేదు. ఆడవాళ్ళ పేర్లే మన దగ్గర ఎక్కువగా ఒంటరిగా ఉంటాయి. రెండో పేరు కావాలంటే నిజామాబాద్ పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో రీఇష్యూకు పెట్టుకోవచ్చు, టికెట్ మాత్రం ఆ తర్వాతే.

సామాన్ సంగతి రెండు ముక్కల్లో. ఎక్కువ కిలోలు కావాలంటే ముందే ఆన్‌లైన్‌లో కొనండి, కౌంటర్‌లో రేటు మండుతుంది. ఖష్‌ఖష్, అదే గసగసాలు, యూఏఈలోనూ సౌదీలోనూ మనా, దొరికితే జైలు. పక్కింటివాళ్ళు అమానత్ అని ఇచ్చిన పొట్లం కూడా వాళ్ళ ముందే విప్పి చూడండి, సిగ్గుపడొద్దు. రెండు వేర్వేరు టికెట్లు కలిపి పోతే మొదటి విమానం లేటైనా రెండోది ఆగదు, పైసలూ రావు.

ఎక్కని టికెట్ పూరా వృథా అనుకోకండి. మన దేశం కంపెనీ అయితే, నాన్ రిఫండబుల్ అయినా సర్కారు టాక్సులు, ఎయిర్‌పోర్టు ఫీజులు వాపస్ ఇవ్వాలని డీజీసీఏ నియమం. ఫుప్పీ కొడుకు టికెట్‌దీ మన దేశం కంపెనీయే. పైసలు కొంచెమే, అయినా అడుగుతూనే ఉన్నాను. మూడో మెయిల్ నిన్న పెట్టాను.